మానిటర్‌కి బొట్టు

అనకాపల్లి గవరపాలెంలో ‘శ్రీ కనకమహాలక్ష్మి ఆన్‌లైన్ సర్వీసెస్’ అన్న బోర్డు చూసి అందరూ అది అమ్మవారి పేరనుకుంటారు. కాదు, అది దేవీప్రసాద్ పెళ్లాం పేరు. దేవరాపల్లి నుంచి వచ్చే చెరకు రైతులు కొందరు చెప్పులు బయట విప్పి, బోర్డుకేసి ఓ దణ్ణం పెట్టి మరీ లోపలికి వస్తారు. దేవీప్రసాద్ వాళ్లని వారించడు. "పెట్టనీ, పోయిందేటుంది. పదిహేడేళ్ల నుంచీ నేనూ పెడతన్నాను కదా," అంటాడు, వెనక గదిలో ఉన్న భార్యకి వినపడేలాగ.

ఆ కొట్లో కాని పని లేదు. పంట నమోదు, పెన్షను అర్జీ, రైలు టిక్కెట్టు, పిల్లల హాల్ టిక్కెట్టు, ఏది పట్టుకొచ్చినా దేవీప్రసాద్ అరగంటలో తేల్చి, కాగితం చేతిలో పెట్టి పంపించేస్తాడు. ఒక్క పని మాత్రం నాలుగేళ్లుగా ఆ కొట్లోంచి కదలడం లేదు. అది వాళ్ల సొంత పని.

పెళ్లయిన పదిహేడేళ్లలో వాళ్లకి పిల్లలు కలగలేదు. విశాఖపట్నంలో వాళ్లు ఎక్కని ఆసుపత్రి మెట్టు లేదు, నూకాలమ్మ దగ్గర్నుంచి మొదలుపెట్టి మొక్కని దేవత లేదు. చివరికి ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చి ప్రభుత్వం వాళ్ల దత్తత పోర్టల్లో పేర్లు నమోదు చేసుకున్నారు. ఊరందరి దరఖాస్తులూ అరగంటలో పంపించే మనిషి తన దరఖాస్తుకి మూడు రోజులు తీసుకున్నాడు. బిడ్డ ఎందుకు కావాలో రాయాల్సిన చోట కర్సరు అలా కొట్టుకుంటూనే ఉండిపోయింది. కనకమే వచ్చి, "అంత ఆలోచనేటండీ. ఇంట్లో పిల్ల కావాలని రాసీండి," అంది. అదే రాశాడు.

అప్పట్నుంచి వరస నంబరుతో కాపురం. పొద్దున్నే కొట్టు తెరవగానే దేవీప్రసాద్ పోర్టల్లోకి వెళ్లి, తమకంటే ముందు ఇంకా ఎందరున్నారో ఆ నంబరు చదివేవాడు. కనకం చీపురు పట్టుకుని నిలబడి వినేది.

"ఎంత?"

"పద్నాలుగొందల ఆరు."

"నిన్న?"

"పద్నాలుగొందల తొమ్మిది."

"అయితే నిన్న ముగ్గురు తల్లులయ్యేరన్నమాట," అని మళ్లీ ఊడవడంలో పడేది. అందులో అసూయ ఉండేది కాదు. ఎవరో మొహం తెలియని ముగ్గురు ఆడవాళ్లు, వాళ్ల ఇళ్లలో నిన్న మొదలైన ఏడుపులు, ఉగ్గుగిన్నెలు, అవన్నీ తలుచుకునేది. ఆ తలుచుకోవడంలో ఎంత కోరిక ఉందో దేవీప్రసాద్‌కి తెలుసు. చీపురు చప్పుడు కాస్సేపు ఆగిపోతే వెనక్కి తిరిగి చూసేవాడు కాదు.

ఈ ఏడాది ఎండాకాలం చివరికి నంబరు వందల్లోంచి పదుల్లోకి దిగింది. అప్పుడు కనకం ఓ కోరిక కోరింది. ఆవిడ కోరికలు కోరే మనిషి కాదు గనక అతను చేస్తున్న పని ఆపి విన్నాడు.

"నా బిడ్డ ఫొటో మొట్టమొదట ఫోన్లో గోరంత సూడను నేను. ఈ పాత డబ్బాలోనూ సూడను, ఇందులో అందరూ పచ్చకామెర్లోళ్లలాగ కనపడతారు. పెద్దగా సూడాల. కళ్లు కళ్లలాగ, సెవులు సెవుల్లాగ ఉండాల."

వారం తిరక్కుండా పెద్ద మానిటర్ వచ్చింది. తెచ్చింది బెన్‌హర్. రెండు వీధుల అవతల కంప్యూటర్లు బాగుచేసే కొట్టు అతనిది. పదేళ్ల స్నేహంలో కనకాన్ని అక్కా అనీ దేవీప్రసాద్‌ని బావా అనీ పిలిచే చనువు సంపాదించుకున్నాడు. అట్టపెట్టె విప్పి, థెర్మోకోల్ తీసి, మానిటర్‌ని బల్లమీద పెట్టి, "దీనికి బటన్లుండవు బావా. కింద ఈ చిన్న నీలం దీపం ఉంది సూడు, దాని మీద వేలానిత్తే ఎలుగుతాది, మళ్లీ ఆనిత్తే ఆగుతాది," అని చూపించాడు. కనకానికి ఆ దీపం తెగ నచ్చింది.

ఆ శుక్రవారం పొద్దున్నే తలంటుకుని, పసుపు తడిపి తెచ్చి, మానిటర్‌కి బొట్టు పెట్టింది. ఆ కొట్లో బొట్టు లేని వస్తువు లేదు. ప్రింటరుకుంది, స్టెబిలైజరుకుంది, సీపీయూకుంది, గోడగడియారానికి కూడా ఉంది. కాబట్టి దేవీప్రసాద్ తలెత్తి చూడనైనా లేదు.

"గుమ్మానికి పసుపు రాత్తాం కదండీ లక్ష్మి రావాలని. నా బిడ్డ వచ్చే గుమ్మం ఇదే," అంది కనకం. పెద్దగా, గుండ్రంగా, పసుపు మీద కుంకుమ అద్ది, సరిగ్గా నీలం దీపం మీద పెట్టింది. దీపం ఉన్నచోటే కదా బొట్టు పెడతాం.

చదివేవాళ్లకి సంగతి ఇప్పటికే అర్థమైపోయి ఉంటుంది. వాళ్లకి అర్థం కావడానికి రెండు నెలలు పట్టింది. మనవైపు ఇలాంటి సందర్భానికి ఓ సామెత ఉంది, చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టని. ఆ ఇంట్లో మాత్రం ఆ సామెత ఎవరూ అనరు, ఎదటివాళ్లు అనబోయినా మధ్యలో మింగేస్తారు.

ఆషాఢంలో వానలు పట్టాక మానిటర్ ఆరిపోవడం మొదలైంది. మొదట రోజుకి ఓసారి. టైపు చేస్తూండగా టక్కున నల్లబడేది. దీపం దగ్గర వేలు ఆనిస్తే వెలిగేది, పది నిమిషాలకి మళ్లీ ఆరిపోయేది. రైతు దరఖాస్తు సగంలో ఉండగా చీకటైపోతే, "మా పొలం మునిగిపోనాదేటి బాబూ అందులో?" అని అడిగాడొక పెద్దాయన. దేవీప్రసాద్ నవ్వాడు గానీ లోపల చిరాకు పడ్డాడు.

బెన్‌హర్ వచ్చాడు. సెట్టింగుల్లో నిద్రపోయే టైము తీసేశాడు. ఆరిపోయింది. కేబుల్ మార్చాడు. ఆరిపోయింది. కరెంటు తీగ మార్చి, ఎక్స్‌టెన్షన్ బాక్సు పీకేసి తిన్నగా గోడ ప్లగ్గుకి ఇచ్చాడు. పూటంతా వెలిగి ఇద్దరికీ ఆశపెట్టి, సరిగ్గా బెన్‌హర్ టీ తాగి లేచే వేళకి ఆరిపోయింది. వోల్టేజీ చూశాడు, ఎర్తింగు చూశాడు, పాత మానిటర్‌ని అదే తీగకి తగిలించి చూశాడు. పాతది పచ్చకామెర్ల మొహంతో రోజంతా వెలిగే ఉంది.

"తప్పు దీన్దే బావా. నా కొట్టుకి తీసుకెళ్తాను," అని దుప్పటి చుట్టి బండిమీద పట్టుకుపోయాడు.

అక్కడ దాన్ని రెండు రోజులు ఏకధాటిగా వెలిగించి ఉంచాడు. రెప్ప వెయ్యలేదు. పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం ఫొటోలు తీసి పంపించాడు, బాలింతని చూసుకున్నట్టు. మూడోరోజు శుక్రవారం తెచ్చి మళ్లీ బల్లమీద పెట్టాడు. కనకం ఎదురొచ్చి, తడిబట్టతో తుడిచి, కొత్తగా బొట్టు పెట్టి, హారతి కూడా ఇచ్చింది. సాయంత్రం నాలుగయ్యేసరికి మానిటర్ నల్లబడింది.

ఆ నల్లటి అద్దంలో కనకం మొహం కనపడుతోంది. దాన్నే చూస్తూ అంది.

"అక్కడ బాగానే ఎలిగింది కదా. దాంది కాదండీ తప్పు. మన గుమ్మాన్దే."

"నోర్ముయ్," అన్నాడు దేవీప్రసాద్. పెళ్లయ్యాక ఆ మాట ఆవిడతో అనడం అదే మొదటిసారి. ఆవిడ ఏమీ అనలేదు. అదే అతనికి భయమేసింది. ఏడ్చే మనిషిని ఊరుకోబెట్టొచ్చు, పోట్లాడే మనిషితో పోట్లాడొచ్చు. ఒప్పేసుకున్న మనిషిని ఏం చేస్తాం?

ఆ తర్వాత నుంచీ పొద్దున్న నంబరు చదువుతూంటే చీపురు చప్పుడు ఆగడం మానేసింది. "ఎంత?" అనడమూ తగ్గింది. అతనే చెప్పేవాడు, పదకొండు, తొమ్మిది, నాలుగు. "ఊఁ" అనేది. బొట్టు మాత్రం మానలేదు. శ్రావణమాసం వచ్చాక శుక్రవారాలు మరీ ఒత్తుగా, తడితడిగా పెట్టేది. పోతుందేమోనన్న భయం పుట్టాక మొక్కులు పెంచుతాం గానీ తగ్గించం కదా.

శ్రావణమాసం మూడో శుక్రవారం, పొద్దున్న పదకొండు గంటలకి దేవీప్రసాద్ ఫోనుకి మెసేజి వచ్చింది. ఒక బిడ్డని మీకు చూపిస్తున్నాం, నలభై ఎనిమిది గంటల్లోగా మీ నిర్ణయం తెలపండి అని దాని సారాంశం. అతను రెండుసార్లు చదివాడు. కుర్చీలోంచి లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. ఎదురుగా ఉన్న మనిషితో, "బాబూ, మధ్యాహ్నం రా," అని, అతను ఇంకా గుమ్మం దాటకముందే షట్టరు సగానికి దించేశాడు.

"కనకం! వచ్చింది!"

ఏం వచ్చిందని అడగలేదు ఆవిడ. పొయ్యి ఆపకుండానే వచ్చేసింది. మానిటర్ ముందు నిలబడి కొంగు సర్దుకుంది, ఎవరో పెద్దమనుషులు చూడ్డానికి వచ్చినట్టు. దేవీప్రసాద్ పాస్‌వర్డు రెండుసార్లు తప్పు కొట్టాడు. మూడోసారి లోపలికి వెళ్లాడు. ఫొటో మీద నొక్కాడు.

ఆడపిల్ల. ఏడాది దాటిన వయసు. నీలం గౌను. గోడకి ఆనుకుని నిలబడి ఉంది. మొహం కెమెరాకేసి లేదు, పక్కకి తిప్పుకుని ఉంది. ఒక చెవి, ఒక బుగ్గ, జుట్టు సరిగ్గా రాని కణత. కనకం రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

టక్కున నల్లబడిపోయింది.

దేవీప్రసాద్ దీపం దగ్గర వేలు ఆనించాడు. వెలిగింది. బుగ్గ కనపడింది. ఆరిపోయింది. మళ్లీ. వెలిగింది, ఆరిపోయింది. ఆ బల్లని కాలితో తన్నాడు. పొయ్యిమీద పప్పు మాడుతున్న వాసన వస్తోంది.

"వొదిలీండి," అంది కనకం.

"ఒక్క నిమిషం ఆగు, తీగ సూత్తాను."

"వొదిలీండంటే! నన్ను సూసి మొహం తిప్పేసుకుందండీ. సూసేను కదా కళ్లారా. తిప్పుకుని, తలుపేసీసుకుంది. ఇంకేటి కావాల మీకు?"

"అది ఫొటో, కనకం. నువ్వొచ్చేవని దానికి తెలీదు."

"నాకు తెలుసు." ఆవిడ కళ్లు పొడిగా ఉన్నాయి. "వొద్దన్న పిల్లని లాక్కొత్తే నాను తల్లినవుతానేటి? ఇంకొకళ్లకి రాసిపెట్టుంది కాబోలు. ఆళ్లకే ఎల్లనీండి."

ఫోన్లో చూపించబోతే ఫోను బోర్లించేసింది. పాత మానిటర్‌కి తగిలిస్తానంటే గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. అతను ఒక్కడూ కూడా పోర్టల్లో ‘ఒప్పుకుంటున్నాం’ అన్న బటను నొక్కేయగలడు. ఊరందరి తరఫునా రోజూ నొక్కేదే కదా. కానీ మనసులో తలుపేసుకున్న మనిషి చేతికి బిడ్డనెలా అందించడం? పోనీ ఊరుకుంటే ఆదివారం పదకొండింటికి ఆ పిల్ల ఆ తెర మీంచి వెళ్లిపోతుంది. మళ్లీ ఎప్పుడో, ఎవరో. ఈసారికి వద్దన్న కనకం ఇంకోసారికి ఔనంటుందన్న నమ్మకం అతనికి లేదు. ఆ పిల్ల బుగ్గ అతనికీ కళ్లలోంచి పోవడం లేదు. మగవాడు గనక చీపురు పట్టుకుని నిలబడి నంబర్లు వినలేదు గానీ, నాలుగేళ్లూ అతనూ ఆ బుగ్గ కోసమే కూర్చున్నాడు.

శనివారం సాయంత్రం బెన్‌హర్‌ని పిలిచి జరిగిందంతా చెప్పాడు. బెన్‌హర్ తల వంచుకుని విన్నాడు.

"ఈ మిషను సంగతి నాకివాళ తేలాలి బెన్‌హర్," అన్నాడు దేవీప్రసాద్. "నీ కొట్లో రెండ్రోజులు ఆరని మిషను నా కొట్లో ఎందుకారింది? అదే కేబులు. అదే తీగ. కరెంటూ అదే ఊరి కరెంటు. తేడా ఏటో సెప్పు."

బెన్‌హర్ మానిటర్ వెనక్కి వెళ్లాడు, ముందుకొచ్చాడు. జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి తెర తుడిచాడు, అంచులు తుడిచాడు, కింద చట్రం తుడిచాడు. బొట్టు దగ్గరికి వచ్చేసరికి గుడ్డ చుట్టూ తిరిగి వెళ్లింది. ముగ్గు తొక్కకుండా దాటినట్టు దాటాడు. దేవీప్రసాద్‌కి ఉన్నట్టుండి ఒక సంగతి స్ఫురించింది. ఈ రెండు నెలల్లో బెన్‌హర్ ఆ మానిటర్‌ని ఎన్నిసార్లు తుడిచాడో, అన్నిసార్లూ అలాగే దాటాడు.

"అలా ఎందుకు తుడుత్తన్నావు?"

బెన్‌హర్ గుడ్డని నాలుగు మడతలు పెట్టాడు. మళ్లీ విప్పాడు.

"బావా, నా కొట్లో ఉన్నప్పుడు దానికి కొత్త బొట్టు లేదు. ఎండిపోయిన పాతదే ఉంది. ఫ్యాను కింద అది పొడై రాలిపోయింది కూడా."

"అయితే?"

"ఏలు తగిల్తే ఆగే మిషనది. తడి పసుపు దానిమీద ఉంటే ఏలున్నట్టే దాని లెక్క. ఎండితే ఊరుకుంటాది. ఈ వానల్లో సెమ్మ తగిలి మళ్లీ తడౌతాది. అప్పుడు ఏలానిందనుకుని ఆగిపోతాది." గొంతు తగ్గించాడు. "నాకు ఆషాఢంలోనే అనుమానమొచ్చింది."

"ఆషాఢంలో!" దేవీప్రసాద్ లేచి నిలబడ్డాడు. "మరి సెప్పవేటి?"

"ఎలా సెప్పమంటావు? అక్క ఆ బొట్టు ఎందుకు పెడతందో నాకు తెలీదా? నువ్వు తుడిత్తే ఒకలాగుంటాది. చర్చికెళ్లేవోణ్ణి నేను, నేను తుడిత్తే ఒకలాగుంటాది. తుడిచీసి, అది కాకపోతే? ఆ పాపం నా నెత్తిన ఉండిపోదా? అందుకే ఉన్న కేబుళ్లన్నీ మార్చేను. ఇంకేటన్నా అయితే బాగుణ్ణని ప్రార్థన కూడా సేసేను."

దేవీప్రసాద్‌కి ముందు ఒళ్లు మండింది. తర్వాత, ఉన్న కేబుళ్లన్నీ మార్చిన ఆ మర్యాద తలుచుకుంటే నవ్వొచ్చింది. ఇద్దరూ ఆ బొట్టుకేసి చూస్తూ కూర్చున్నారు. కనకం ఉంగరపు వేలి ముద్ర అందులో స్పష్టంగా ఉంది.

బెన్‌హర్ వెళ్లాక తనే చేతిరుమాలుతో బొట్టు తుడిచేశాడు. మరక పోయేదాకా తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టి, మానిటర్ వెలిగించాడు. అరగంట చూశాడు. గంట చూశాడు. దీపాలు పెట్టే వేళ దాటిపోయింది, అన్నం తిన్నారు, అయినా అది వెలుగుతూనే ఉంది. ఇక కనకానికి చెప్పడమే తరువాయి. ఏమని చెప్పాలి? నీ గుమ్మాన్ని నువ్వే మూసుకున్నావనా? బిడ్డ కోసం పెట్టిన బొట్టే బిడ్డకి అడ్డమైందనా? ఇప్పటికే తప్పంతా తనదనుకుంటున్న మనిషికి, ఔను తప్పు నీదే అని సాక్ష్యం చూపించినట్టు ఉండదూ?

అందుకని పిరికివాళ్లు చేసే పని చేశాడు. ఆదివారం పొద్దున్నే లేచి, దేవుడి గూట్లోంచి పసుపు, కుంకుమ తెచ్చి, మానిటర్ పైమూలలో, నీలం దీపానికి జానెడు దూరంలో, తనే ఓ బొట్టు పెట్టాడు. తొమ్మిదిన్నరకి కనకాన్ని పిలిచాడు.

"బాగైపోయింది. బెన్‌హర్ ఏదో మార్చేడు. రా, ఒక్కసారి సూడు. ఆరిపోదు."

ఆవిడ రానంది. అతను వదల్లేదు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. పదిహేడేళ్లలో పట్టపగలు కొట్లో ఆవిడ చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. తెరమీద ఇంకా ఫొటో తెరవలేదు. కనకం తెర చూడలేదు, బొట్టు చూసింది.

"ఇదెవరు పెట్టేరు?"

"నువ్వే."

"నా ఏలు కాదిది. నాది సిన్నది." కింద చట్రంకేసి చూసింది. అక్కడ శుభ్రంగా ఉంది, నీలం దీపం ఒక్కటే ఉంది. "నాను పెట్టింది ఏటయ్యింది?"

అబద్ధమాడ్డానికి నోరు తెరిచాడు గానీ ఆవిడ కళ్లు చూశాక మానుకున్నాడు. చెప్పేశాడు. తడి పసుపు సంగతి, వేలనుకునే మిషను సంగతి, తీగలన్నీ మార్చి బొట్టు మాత్రం ముట్టుకోని బెన్‌హర్ సంగతి, రాత్రి తను చేతిరుమాలుతో తుడవడం, అన్నీ చెప్పేశాడు. గోడగడియారం పది కొట్టింది.

"అయితే నా సేత్తోనే ఆర్పుకున్నానా?"

"కనకం, నువ్వు పెట్టింది బొట్టు. అదేమో మిషను. దానికి బొట్టుకీ ఏలుకీ తేడా తెలీదు. ఇందులో తప్పెవరిదీ కాదు."

ఆవిడ కూలబడిపోతుందనుకున్నాడు. అంత పనీ అయ్యేదేమో. కానీ ఆవిడ మనసు ఇంకో వైపు వెళ్లింది.

"శుక్రవారం నుంచీనండి," అంది. "రెండ్రోజుల నుంచీ ఆ పిల్లని అలా వాకిట్లో నిలబెట్టీసి, నాను లోపల తొంగున్నాను. మంచినీళ్లు కావాలా అని కూడా అడగలేదు." అప్పుడు ఏడ్చింది. రెండు నెలల ఏడుపు, ఇంకా ముందుది కూడా. దేవీప్రసాద్ పక్కన నిలబడి చూశాడు. అతనికీ కళ్లు నిండిపోయి తెర మసకమసకగా కనపడింది.

కాస్సేపటికి ఆవిడే కుర్చీ లాక్కుని కూర్చుంది. "సూపించండి."

ఫొటో వచ్చింది. నిలిచింది. అదే నీలం గౌను, అదే గోడ, పక్కకి తిప్పుకున్న అదే మొహం. కనకం తీరిగ్గా చూసింది. చెవి చూసింది, కణత చూసింది, గోడకి ఆనించిన అరచెయ్యి చూసింది. గౌను గుండీ ఒకటి ఊడి ఉండటం కూడా చూసింది. తెర ఎక్కడికీ పోలేదు.

"ఆ కాయితంలో ఏటి రాసేరు? సదవండి."

పిల్ల గురించి శిశుగృహం వాళ్లు రాసిన రిపోర్టు ఇంగ్లీషులో ఉంది. దేవీప్రసాద్ ఒక్కొక్క వాక్యం చదివి తెలుగులో చెప్పాడు. కడప వైపు శిశుగృహంలో ఉంది. పేరు బిందు, అక్కడి ఆయా పెట్టింది. పద్నాలుగు నెలలు. టీకాలన్నీ వేశారు. గోడ పట్టుకుని నడుస్తుంది. పప్పన్నం మెత్తగా కలిపి పెడితే తింటుంది. చెంచా కనపడితే లాక్కుంటుంది.

"లాక్కుంటాదా!" అంది కనకం. నవ్వో ఏడుపో తెలియకుండా ఉంది.

తర్వాతి వాక్యం దగ్గర అతను ఆగిపోయాడు.

"ఏటి ఆపేసేరు?"

దాటెయ్యొచ్చు. ఆవిడకి ఇంగ్లీషు రాదు. కింద ఇంకా చాలా ఉంది, బరువు, పొడుగు, రక్తం గ్రూపు. ఇప్పుడిప్పుడే తెరుచుకున్న మనసు, ఈ ఒక్క వాక్యంతో మళ్లీ మూసుకుపోతే? గడియారంలో పదీ నలభై అయింది. ఇరవై నిమిషాలుంది. ఆ ఒక్క వాక్యం మింగేస్తే ఇవాళే బిడ్డ వాళ్లదౌతుంది. కానీ పొద్దున్న ఓ అబద్ధం పైమూలలో పెట్టి చూశాడు, ఆవిడ కనిపెట్టడానికి నిమిషం పట్టలేదు. పైగా ఇది పిల్ల సంగతి. తల్లికి చెప్పకుండా దాచడానికి తనెవడు?

"కొత్తవాళ్లని సూత్తే మొహం తిప్పేసుకుంటాదట," అన్నాడు మెల్లిగా. "ఎత్తుకోనివ్వదట. అలవాటయ్యేదాకా ఏడుత్తానే ఉంటాదట."

బయట ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ వెళ్లింది. కనకం కుర్చీ ముందుకి జరిపి, తెరకి బాగా దగ్గరగా వెళ్లి, ఆ పిల్ల ఎటు చూస్తోందో అటు తనూ చూసింది. ఫొటో అంచు దాటి అక్కడేముందో కనపడదు.

"తిప్పుకోదేటండీ మరి?" అంది. "ఎవరెవరు ఎత్తుకున్నారో, ఎవరెవరు దించీసి ఎల్లిపోనారో. మనమెవరమని సూడాలది? నాను పిచ్చిదాన్ని, నా గుమ్మం గురించే ఏడిసేను గానీ పిల్ల గురించి ఆలోసించలేదు."

"అలవాటవడానికి ఎన్నాళ్లు పడుతుందో."

"పట్టనీండి. మొహం తిప్పుకోనీండి." కళ్లు తుడుచుకుంది. "ఎటు తిప్పుకుంటే అటెల్లి కూకుంటాను."

దేవీప్రసాద్ మౌసు ఆవిడ వైపు జరిపాడు. ఎక్కడ నొక్కాలో చూపించాడు. కనకం చెయ్యి కొంగుకి రెండుసార్లు తుడుచుకుని, పొడిగా ఉందో లేదో చూసుకుని, నొక్కింది.